మండలం అంటే గుండ్రమా, నలభై రోజులా, తహసీల్దారు ఆఫీసా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇదంతా మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజున మొదలైంది. పంతులుగారు బియ్యం పరిచి, తమలపాకులు పేర్చి, ఒక్కో ఆకు మీద వక్క, ఖర్జూరం, రూపాయి బిళ్ల పెట్టిస్తూ నవగ్రహాలను ఆవాహన చేస్తున్నారు. ఆయన "త్రికోణాకార మండలే" అనగానే ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నా చెవిలో, "నాన్నా, మండలం అంటే సర్కిల్ అన్నావుగా, త్రికోణం మండలం ఎలా అవుతుంది?" అంది. అప్పటికి "తర్వాత చెప్తా" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత దీక్ష వేసుకున్న బావమరిది, రంగుల పుస్తకం కొన్న చెల్లెలు, కొత్తగా కోడలై వచ్చిన లక్నో అమ్మాయి, అందరూ ఇదే మాట దగ్గర ఆగారు. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టాను. మీకు కావాల్సిన దగ్గర మొదలుపెట్టండి.

## ముందుగా మాట సంగతి

అసలు మండలం అంటే గుండ్రమేనా?

మొదటి అర్థం అదే. సంస్కృతంలో మండలం అంటే గుండ్రని బింబం, వలయం, చక్రం. సూర్యమండలం అంటే మన కంటికి కనిపించే సూర్యుడి బిళ్ల. తర్వాత్తర్వాత గీత నుంచి అర్థం లోపలికి జరిగింది. వలయంలో ఉన్న నేల మండలమైంది, చుట్టూ చేరిన మనుషుల గుంపు మండలమైంది, ఒక చుట్టు పూర్తయ్యే కాలమూ మండలమైంది. నాకు అర్థమైనంతవరకు ఈ మాటకు ప్రాణం గుండ్రదనంలో లేదు. మధ్యలో ఒకటి, దాని చుట్టూ ఒక హద్దు: ఈ రెండూ ఉంటే చాలు, అది మండలం.

నిఘంటువు తీస్తే ఇంకా ఏమేం అర్థాలు ఉన్నాయి?

బింబం, ప్రాంతం, సమూహం, ఋగ్వేదంలో ఒక భాగం, నలభై రోజుల కాలం. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనివి కొన్ని ఉన్నాయి. ఆయుర్వేదంలో చర్మం మీద గుండ్రంగా లేచే మచ్చ మండలం. ఒంటి మీద గుండ్రటి మచ్చలున్న విషసర్పాలను సుశ్రుత సంహిత 'మండలి' అనే జాతిగా లెక్కపెట్టింది. పడగ విప్పేవి దర్వీకరాలు, చారలున్నవి రాజిమంతాలు. రక్తపింజర వీపు మీది గొలుసు మచ్చలు చూసినవాళ్లకు మండలి అనే పేరు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఇక నాట్యశాస్త్రంలో కాళ్ల కదలికల వరసలకు, అభినయదర్పణంలో నిలబడే భంగిమలకు కూడా ఇదే పేరు. కూచిపూడి క్లాసులో టీచర్ "ఇంకా కూర్చో" అని గదమాయించే అరమండి ఉందే, అది అర్ధమండలమే.

మండలం, మండలి, మండపం, కమండలం: ఇవన్నీ చుట్టాలేనా?

మండలం, మండలి సొంత అక్కచెల్లెళ్లు. గుండ్రంగా కూర్చున్న జనం మండలి. అందుకే భజన మండలి, శాసనమండలి. మండపం స్తంభాల మీద నిలిచే కట్టడం, అది నలుపలకలుగానే ఎక్కువగా ఉంటుంది. పలకడంలో దగ్గరే కానీ అర్థంలో పొత్తు లేదు. కమండలం సన్యాసి చేతిలోని నీటి పాత్ర. దాని గుండ్రదనం చూసి ముడిపెట్టబుద్ధి వేస్తుంది గానీ మాటను 'క', 'మండలం' అని విరిచి అర్థం లాగడం పనికిరాదు.

మండల్ కమిషన్‌కీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. అక్కడ మండల్ అనేది ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించిన బిహార్ నాయకుడు బి.పి. మండల్ ఇంటిపేరు. 1979లో కమిషన్ వేశారు, 1980లో నివేదిక వచ్చింది, 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం అమలు ప్రకటించింది.

## లెక్కల్లో మండలం

లెక్కల పుస్తకంలో వృత్తం అని ఉంటుంది, మండలం అని ఎందుకు ఉండదు?

తెలుగు మీడియం పుస్తకాలు వృత్తం, వ్యాసం, వ్యాసార్ధం, పరిధి, జ్యా, చాపం అనే జట్టును స్థిరపరిచాయి. అదీ మంచిదే. మండలానికి అప్పటికే పది అర్థాలు పడిపోయాయి, "మండల వైశాల్యం కనుక్కోండి" అని ప్రశ్నపత్రంలో వస్తే పిల్లలు తహసీల్దారును అడగాల్సి వచ్చేది. తమాషా ఏమిటంటే వృత్తానికీ రెండో అర్థం ఉంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అన్నీ ఛందస్సులో వృత్తాలే.

శుల్బసూత్రాల్లో 'చదరాన్ని మండలం చేయడం' అంటారు, అదేంటి?

శుల్బం అంటే తాడు. యజ్ఞవేదిక కొలతలను తాడుతో, మేకులతో గీయడానికి రాసుకున్న సూత్రాలవి. శ్రౌత కర్మలో, అంటే వేదం చెప్పిన యజ్ఞాల్లో, మూడు అగ్నులు ఉంటాయి. గార్హపత్యం గుండ్రంగా, ఆహవనీయం చదరంగా, దక్షిణాగ్ని అర్ధచంద్రంలా ఉండాలి, మూడింటి వైశాల్యం మాత్రం సమానంగా ఉండాలి. ఇక్కడే భక్తి కాస్తా జ్యామితి అయి కూర్చుంది. చదరమంతే చోటున్న వలయం గీయాలంటే తాడు ఎంత పొడుగు పట్టాలి?

ఒక శుల్బసూత్రం రాసిన బౌధాయనుడు చెప్పిన కిటుకు ఇది. చదరం మధ్యలో మేకు కొట్టి, అక్కడి నుంచి మూలదాకా తాడు పట్టు. ఆ తాడును తూర్పుకు తిప్పు. అది చదరం అంచు దాటి కొంత బయటికి వస్తుంది. ఆ బయటికొచ్చిన ముక్కలో మూడోవంతు మాత్రం ఉంచుకుని మండలం గీయి. ఇంట్లో కాంపాస్‌తో చేసి చూడొచ్చు. చదరం భుజం 20 సెంటీమీటర్లు అనుకోండి. మధ్య నుంచి అంచుకు 10, మూలకు 14.14. బయటికొచ్చేది 4.14, అందులో మూడోవంతు 1.38. అంటే వ్యాసార్ధం 11.38 సెంటీమీటర్లు. గీసిన వలయం చదరం మూలల దగ్గర లోపలికి తగ్గుతుంది, భుజాల మధ్యలో బయటికి పొంగుతుంది. తగ్గినదీ పొంగినదీ దాదాపు సరిపోయినట్టు కంటికే తెలుస్తుంది.

మన తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. ఆపస్తంబుడి పేరున కూడా ఒక శుల్బసూత్రం ఉంది, ఈ పద్ధతి అందులోనూ ఉంది.

ఆ పాత సూత్రాలు కరెక్టేనా, కచ్చితంగా లెక్క కుదురుతుందా?

కచ్చితంగా కుదరదు, కానీ తాడుతో నేల మీద గీసే పనికి ధారాళంగా సరిపోతుంది. 20 సెంటీమీటర్ల చదరం వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్లు. బౌధాయనుడి పద్ధతిలో వచ్చే మండలం సుమారు 407. తేడా నూటికి రెండు కూడా లేదు. ఉల్టాగా, మండలాన్ని చదరం చేయడానికి ఇంకో మోటు లెక్క చెప్పాడు: వ్యాసాన్ని 15 భాగాలు చేసి రెండు తీసేయి, మిగిలిన 13 చదరం భుజం. ఇది నూటికి నాలుగుకు పైగా తక్కువ పడుతుంది. దీన్ని ఆయనే 'అనిత్య' అన్నాడు, అంటే పక్కా లెక్క కాదని ఒప్పుకున్నాడు. నాకు సూత్రం కన్నా ఆ ఒప్పుకోలే ఎక్కువ నచ్చుతుంది. "మన ఋషులు పై (π) విలువను కచ్చితంగా కనిపెట్టేశారు" అని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ ఒక్క మాట చదివితే బాగుండు. కాంపాస్, స్కేలు మాత్రమే వాడి ఈ పని కచ్చితంగా చేయడం అసలు సాధ్యమే కాదని 1882లో జర్మనీ గణితవేత్త లిండెమన్ నిరూపించాడు.

ఉష్ణమండలం, సౌరమండలం, నక్షత్రమండలం: ఇవన్నీ వృత్తాలేనా?

ఒక్కోటి ఒక్కో తీరు. ఉష్ణమండలం భూమి నడుముకు చుట్టిన పట్టీ లాంటిది, భూమధ్యరేఖకు అటూ ఇటూ సుమారు 23.5 డిగ్రీల దాకా. సౌరమండలం అంటే సూర్యుడు మధ్యలో, చుట్టూ తిరిగే పరివారం. బడి పుస్తకాలు సౌర కుటుంబం అంటాయి. నక్షత్రమండలంలో వలయమే లేదు. సప్తర్షి మండలం గరిటెలా ఉంటుంది. అక్కడ మండలం అంటే గుంపు, ఆకాశంలో దానికి కేటాయించిన మేర. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆకాశాన్ని ఇలాంటి 88 మేరలుగా పంచింది.

## పూజలో మండలం

నవగ్రహ పూజలో 'త్రికోణాకార మండలే' అంటారు, త్రికోణం మండలం ఎలా అవుతుంది?

పూజలో మండలం అంటే దేవతను కూర్చోబెట్టడానికి హద్దు గీసిన చోటు. ఆ హద్దు ఏ ఆకారంలో ఉన్నా అది మండలమే. నవగ్రహాల్లో ఒక్కొక్కరి పీట ఒక్కో ఆకారం. సూర్యుడికి వర్తులం, అంటే గుండ్రం. చంద్రుడికి చదరం. కుజుడికి త్రికోణం. బుధుడికి బాణం, గురువుకు దీర్ఘచతురస్రం, శుక్రుడికి పంచకోణం, శనికి విల్లు, రాహువుకు చేట, కేతువుకు జెండా. పంతులుగారు "శూర్పాకార మండలే" అంటున్నప్పుడు చేట గుర్తు తెచ్చుకోండి, శూర్పం అంటే అదే. శూర్పణఖ గోళ్లు కూడా అవే.

ఇవన్నీ గీయాలంటే ఓ పూట పడుతుంది. అందుకే ఇళ్లలో ఆకు మీద వక్క పెట్టి ఆకారం మాత్రం నోటితో చెప్పేస్తారు. పిల్లలు పక్కన కూర్చుంటే ఓ కాగితం మీద తొమ్మిదీ గీయించండి. మా అమ్మాయి గీసింది, కేతువు జెండాకు కర్ర మర్చిపోయింది.

ఆబ్దికాల్లోనూ ఇదే సంగతి కనిపిస్తుంది. విశ్వేదేవతల స్థానంలో చదరంగా, పితృదేవతల స్థానంలో గుండ్రంగా నేల అలుకుతారు. రెండింటినీ మండలమనే అంటారు.

సర్వతోభద్ర మండలం నలుచదరంగా ఉంటుంది కదా, పేరు తప్పా?

తప్పు కాదు. అడ్డంగా 19, నిలువుగా 19 గీతలు గీస్తే 18 వరసల్లో 324 గళ్లు వస్తాయి. ఆ గళ్లను రంగు బియ్యంతోనో పొడులతోనో నింపుతారు. మధ్యలో పద్మం వస్తుంది, కలశం దాని మీద పెడతారు. కేంద్రం ఉంది, చుట్టూ దేవతల వరసలు ఉన్నాయి, బయట హద్దు ఉంది, కాబట్టి మండలం. వాస్తు పురుష మండలం సంగతీ అంతే: 64 గళ్లు లేదా 81 గళ్లున్న చదరం, అందులో 45 మంది దేవతలకు చోట్లు. గృహప్రవేశం కార్డు మీద వేసే బోర్లాపడ్డ మనిషి బొమ్మ ఈ చదరంలోనిదే.

యంత్రం, చక్రం, మండలం మూడూ ఒకటేనా?

వాడుకలో కలిసిపోయాయి, కొంత తేడా మాత్రం ఉంది. యంత్రం ఒక దేవతకు చెందిన గీతల బొమ్మ. రాగిరేకు మీద చెక్కి ఏళ్ల తరబడి పూజిస్తారు. మండలం ఎక్కువగా ఒక కర్మ కోసం నేల మీదో పీట మీదో వేసి, పని అయ్యాక తీసేసేది, పరివార దేవతలందరికీ చోటు ఉన్నది. చక్రం అనే మాట రెండింటికీ పడుతుంది. శ్రీచక్రాన్నే శ్రీయంత్రం అంటాం. అందులో పైకి చూసే శివత్రికోణాలు 4, కిందికి చూసే శక్తి త్రికోణాలు 5, అవి ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్న త్రికోణాలు. చుట్టూ 8 రేకులు, 16 రేకులు, వలయాలు, బయట చదరపు భూపురం, నట్టనడుమ బిందువు. ఈ తొమ్మిది త్రికోణాలను చేత్తో గీసి చూడండి. మూడు గీతలు ఒకే చుక్క దగ్గర కలవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, ఒకటి సరిచేస్తే ఇంకోటి జారుతుంది. నేను నాలుగు కాగితాలు పాడుచేసి వదిలేశాను.

'సవితృమండల మధ్యవర్తీ' అని చదువుతాం, అక్కడ మండలం అంటే?

సూర్యబింబం. ఆ బింబం నడుమ ఉన్న నారాయణుణ్ణి ధ్యానించాలని శ్లోకం చెబుతుంది. మహానారాయణోపనిషత్తులోని "ఆదిత్యో వా ఏష ఏతన్మండలం తపతి" కూడా తపించే ఆ గుండ్రని బింబం గురించే.

ఋగ్వేదంలో మండలాలు అంటే అధ్యాయాలా?

దాదాపు అంతే. ఋగ్వేదానికి 10 మండలాలు, వాటిలో 1028 సూక్తాలు. రెండు నుంచి ఏడు దాకా ఒక్కో మండలం ఒక్కో ఋషి కుటుంబానిది: గృత్సమదుడు, విశ్వామిత్రుడు, వామదేవుడు, అత్రి, భరద్వాజుడు, వసిష్ఠుడు. తొమ్మిదోది మొత్తం సోముడికే. మొదటిదీ పదోదీ పెద్దవి, చెరి 191 సూక్తాలు. ఎక్కడైనా 10.90 అని కనిపిస్తే పదో మండలం, తొంభయ్యో సూక్తం అని చదువుకోవాలి. అది పురుషసూక్తం. మనం రోజూ జపించే గాయత్రి 3.62.10, అంటే మూడో మండలం, 62వ సూక్తం, పదో ఋక్కు.

ఇంటి ముందు వేసే ముగ్గును మండలం అనొచ్చా?

రోజూ వేసే నాలుగు గీతల ముగ్గును ఎవరూ అలా పిలవరు, పిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పద్మం ముగ్గు, నాగబంధం లాంటివి ఆ తరహావే. నన్నడిగితే మండలానికి అసలైన తెలుగు తోబుట్టువు ముగ్గు కాదు, పట్నం. కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి పట్టుకుని నేల మీద పట్నం వేస్తారు. వేళ్ల సందుల్లోంచి పొడి సన్నటి ధారగా జారుతుంటే చెయ్యి ఆగకుండా గీత సాగిపోతుంది. పక్కన డోలు, తాళాలు, మల్లన్న కథ. శివరాత్రి రాత్రి వేసే పెద్దపట్నం చూడ్డానికి జనం కిక్కిరిసి ఉంటారు. అంతసేపు వేసినదాన్ని చివరికి తొక్కేస్తారు. టిబెట్ లామాల ఇసుక మండలం వీడియో చూసి ఆశ్చర్యపోయే మనవాళ్లు ఒకసారి కొమురవెల్లి వెళ్లి రావాలి.

## దీక్షలో మండలం

మండలం అంటే 40 రోజులా, 41 రోజులా, 48 రోజులా?

ముగ్గురూ నిజమే చెబుతున్నారు, ఎవరి సంప్రదాయం వారిది. తెలుగు పాత వాడుకలో, ముఖ్యంగా మందు, పథ్యం విషయంలో మండలం అంటే నలభై రోజులు. "ఓ మండలం పాటు తేనెతో తీసుకో" అని నాటు వైద్యుడు అంటే నలభై అనే లెక్క. అయ్యప్ప, భవానీ, హనుమాన్, శివ దీక్షలు వచ్చాక 41 స్థిరపడింది. తమిళనాట 48. కుంభాభిషేకం అయ్యాక అక్కడ 48 రోజులు మండలాభిషేకం చేస్తారు. దానికి వాళ్లు చెప్పే లెక్క ముచ్చటగా ఉంటుంది: 27 నక్షత్రాలు, 12 రాశులు, 9 గ్రహాలు కలిపితే 48.

40కీ 41కీ గొడవ పడక్కర్లేదని నా అభిప్రాయం. నలభై నిండి, నలభై ఒకటో రోజున ముడుపు చెల్లించడం అనుకుంటే రెండూ కలిసిపోతాయి. మీ గురుస్వామి ఏది చెబితే అది పాటించండి, మందుకైతే వైద్యుడు చెప్పినది.

41 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

మాల వేసుకున్న రోజే ఒకటో రోజు. నవంబర్ 1న వేసుకుంటే నవంబర్ 30కి ముప్పై రోజులు, డిసెంబర్ 11కి 41. చాలామంది 1కి 41 కలిపి డిసెంబర్ 12 అనుకుని ట్రైన్ టికెట్లు తీస్తారు. మా బావమరిది అలాగే ఒకరోజు టెన్షన్ పడ్డాడు. ఒకరోజు ఎక్కువైతే వచ్చే నష్టమేమీ లేదు, తక్కువ కాకుండా చూసుకుంటే చాలు.

అర్ధమండలం అంటే ఇరవై రోజుల మీద ఒక పూటా?

లెక్క ప్రకారం 41లో సగం ఇరవైన్నరే. ఆచారంలో 21 రోజులు. హనుమాన్ దీక్షలోనూ, శివ దీక్షలోనూ, ఇంద్రకీలాద్రి భవానీ దీక్షలోనూ మండల దీక్ష 41, అర్ధమండల దీక్ష 21 అనే చెబుతారు. ఉద్యోగం, ఆరోగ్యం కుదరని వాళ్ల కోసం ఉన్న వెసులుబాటు ఇది.

శబరిమల మండలకాలం, మన మండల దీక్ష ఒకటేనా?

కాదు. మండలకాలం గుడిది, మండల దీక్ష మనిషిది. మలయాళ పంచాంగంలో వృశ్చిక మాసం మొదటి రోజున, అంటే నవంబర్ 16 లేదా 17న మండలకాలం మొదలై డిసెంబర్ 26 లేదా 27న మండలపూజతో ముగుస్తుంది. కొన్ని రోజులు గుడి మూసి, మకరవిళక్కు (మకరజ్యోతి) కోసం మళ్లీ తెరుస్తారు. మీ దీక్ష మాత్రం మీరు మాల వేసుకున్న రోజున మొదలవుతుంది. కార్తీకంలో వేసుకుని జనవరిలో జ్యోతికి వెళ్లేవాళ్లకు 41 దాటి ఇంకా ఎన్నో రోజులు అవుతాయి, నియమం అన్నాళ్లూ సాగుతుంది.

## బౌద్ధంలో, బొమ్మల్లో

టిబెట్ వాళ్ల మండలంలో ఏముంటుంది? అంత కష్టపడి ఎందుకు చెరిపేస్తారు?

పైనుంచి చూసిన దేవత కోట అనుకోండి. బయట వలయాలు, లోపల నాలుగు ద్వారాల చదరపు భవనం, నడుమ ముఖ్య దేవత, చుట్టూ పరివారం. టిబెటన్ భాషలో దీన్ని క్యిల్‌ఖోర్ అంటారు, కేంద్రమూ చుట్టూ ఉన్నదీ అని ఆ మాటకు అర్థం. కాలచక్రం అనే బౌద్ధ తంత్రానికి చెందిన మండలంలో 722 మంది దేవతలను లెక్కిస్తారు. సన్నటి లోహపు గొట్టంలో రంగు ఇసుక పోసి, గొట్టం గరుకు ఒంటిని ఇంకో కడ్డీతో రుద్దుతారు. ఆ అదురుకు ఇసుక రేణువులు రాలుతాయి. పూజ అయ్యాక చీపురుతో ఊడ్చి నీళ్లలో కలిపేస్తారు. ఏదీ నిలవదనే బౌద్ధుల మాటను చేతులతో చేసి చూపించడం అది. మనం వినాయకుణ్ణి నిమజ్జనం చేస్తాం కదా, మనకు కొత్తగా అనిపించాల్సిన పనిలేదు.

అమరావతికీ మండలానికీ ఏం సంబంధం?

అమరావతి పక్కనున్న ధరణికోట పాత పేరు ధాన్యకటకం. బుద్ధుడు కాలచక్ర బోధను వాళ్ల గాథల్లోని శంభల రాజ్యపు రాజు సుచంద్రుడికి ధాన్యకటక స్తూపం దగ్గరే ఇచ్చాడని టిబెట్ బౌద్ధుల నమ్మకం. చరిత్రకారులు దీన్ని చరిత్రగా తీసుకోరు, కాలచక్ర తంత్రం బుద్ధుడికి చాలా శతాబ్దాల తర్వాతది. అయినా ఆ నమ్మకం బలమైనదే. లాసా దగ్గర 1416లో పెట్టిన ద్రేపుంగ్ మఠం పేరుకు వడ్ల రాశి అని అర్థం, అది ధాన్యకటకం పేరుకు అనువాదం. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి అమరావతినే ఎంచుకున్నది అందుకే.

ఇక జ్యామితి కావాలంటే కృష్ణా తీరంలోనే ఉంది. అమరావతి మహాచైత్యం గుండ్రటి స్తూపం, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన వేదికలు, ఒక్కోదాని మీద ఐదేసి ఆయక స్తంభాలు. నాగార్జునకొండ మహాస్తూపం పునాది బండి చక్రంలా, నడుమ నుంచి అంచుకు సాగే ఆకులతో ఉంటుంది.

'మండల ఆర్ట్' పుస్తకాల్లో రంగులేస్తే తప్పా? అది పూజా?

తప్పేమీ లేదు. ఆ పుస్తకాల్లో ఉన్నవి చాలావరకు కేంద్రం నుంచి రేకులు విచ్చుకున్న డిజైన్లు. వాటిలో దేవతా లేదు, మంత్రమూ లేదు. స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1916లో మొదటి మండలం గీసుకుని, తర్వాత రోగుల చేతా గీయించి, మనసుకు అద్దం పట్టే బొమ్మగా దాన్ని పాశ్చాత్యులకు పరిచయం చేశాడు. ఇవాళ్టి రంగుల పుస్తకాలకు ఆయన కూడా ఒక కారణం. మా చెల్లెలు వేస్తుంది, నిద్ర బాగా పడుతోందట. దానికి పూజ చేయాల్సిన పనీ లేదు, మడీ లేదు.

## ఊళ్లో, ఆఫీసులో

తహసీల్దారు ఆఫీసుండే మండలానికి ఈ పేరు ఎలా వచ్చింది?

మతంతో సంబంధం లేదు, ప్రాంతం అనే పాత అర్థం నుంచి వచ్చింది. చోళమండలం అనే పేరే యూరపువాళ్ల నోట కోరమాండల్ అయింది. కాకతీయులు చాళుక్యుల కింద సామంతులుగా ఉన్నప్పుడు వాళ్ల బిరుదు మహామండలేశ్వరులు. స్వతంత్రుడైన రుద్రదేవుడి 1163 నాటి హనుమకొండ శాసనంలోనూ ఆ బిరుదు ఉంది. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలు, పంచాయతీ సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు పెట్టింది. పెద్ద తాలూకా కేంద్రానికి పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఆఫీసర్ లేడని వెనక్కొచ్చే రైతుకు ఆఫీసు దగ్గరకావాలన్నది ఆలోచన. తమాషాగా ఆ ఏడే రాష్ట్రంలో శాసనమండలి రద్దయింది. మండలాలు వచ్చాయి, మండలి పోయింది. మండలి 2007లో తిరిగొచ్చింది.

ఉత్తరాదిలో మండల్ అంటే జిల్లా కన్నా పెద్దదట, నిజమేనా?

నిజమే. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని జిల్లాలు కలిస్తే ఒక మండల్, దానికి కమిషనర్ ఉంటాడు. రైల్వే డివిజన్‌ను కూడా హిందీలో మండల్ అంటారు. మనకేమో జిల్లాలో ముక్క మండలం. లక్నో నుంచి వచ్చిన మా బంధువుల కోడలు "మీ మండలంలో ఎన్ని జిల్లాలు?" అని అడిగితే ఇంట్లో అందరూ నవ్వారు, పాపం ఆ అమ్మాయి తప్పేం లేదు.

## రాసేటప్పుడు

మండల, మండలం, మండాల: ఏది రాయాలి?

విడిగా రాస్తే మండలం, బహువచనం మండలాలు. ఇంకో మాటతో కలిస్తే మండల: మండల దీక్ష, మండల పరిషత్. సంధి చేస్తే మండలాభిషేకం, మండలాధ్యక్షుడు. 'మండాల' ఇంగ్లిష్ నోటి నుంచి తిరిగొచ్చిన ఉచ్చారణ, తెలుగులో దీర్ఘం అక్కర్లేదు. మండేలా దక్షిణాఫ్రికా నాయకుడు. నవ్వకండి, అలా రాసిన పోస్టరు నేను చూశాను.

అనువాదం చేసేటప్పుడు ఒకే మాట పెట్టొచ్చా?

వద్దు. ఒక అనువాద యాప్ 'మండల దీక్ష'ను ఉపజిల్లా స్థాయి దీక్షగా మార్చి పెట్టింది, ఎవరో దాన్ని అలాగే ఆహ్వానపత్రికలో అచ్చేశారు. కాలమైతే రోజుల లెక్క చెప్పండి, ఊరైతే మండలం అనే పేరునే ఉంచండి, పూజలోదైతే గీసిన పీఠం అని విడమరచండి.

గుండ్రానికీ దేవుడికీ కలిసొచ్చే అచ్చ తెలుగు మాట ఏదైనా ఉందా?

ఉంది, గుడి. దేవాలయం గుడి. చంద్రుడి చుట్టూ కట్టే వలయమూ గుడే, దాన్ని వరదగుడి అంటారు. పైన పల్చటి మబ్బులో మంచు పలుకుల్లోంచి వెలుగు వంగి, చంద్రుడి నుంచి 22 డిగ్రీల దూరాన ఆ వలయం కనిపిస్తుంది. అలాంటి మబ్బు చాలాసార్లు వానకు ముందు నడుస్తుంది. అందుకే పల్లెల్లో గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అంటారు. ఇక మూడో గుడి అందరి నోటా పలికినదే: అక్షరం నెత్తిన గుండ్రంగా కూర్చునే ఇకారం గుర్తు. క గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ.